చిత్తు కాగితం నుంచి ఇంకు తీసే డీఇంకింగ్‌లో కాస్టిక్ సోడా మానేసి ఎంజైమ్‌కు మారితే పర్యావరణ భారం నిజంగా తగ్గుతుందా?

పల్ప్‌మిల్_గోదావరి (ప్రశ్న)

మాది రోజుకు 40 టన్నుల చిత్తు కాగితం వాడే మిల్లు. చేసేది నోటుపుస్తకాల కాగితం, బ్రైట్‌నెస్ (తెల్లదనం) 78 వస్తే చాలు. ముడిసరుకులో 60 శాతం ఆఫీసు రికార్డు, జిరాక్స్ కాగితం. పాత నోటుపుస్తకాలు, పాఠ్యపుస్తకాలు 25 శాతం. మిగతా 15 శాతం బేళ్లలో కలిసి వచ్చేది, అందులో న్యూస్‌పేపరే ఎక్కువ.

ఇప్పటి పద్ధతి ఇది. కాగితాన్ని నీళ్లలో గుజ్జు చేసే హెలికో పల్పర్‌లో 14% కన్సిస్టెన్సీ (గుజ్జులో ఎండు పదార్థం శాతం), 50 డిగ్రీలు, 35 నిమిషాలు. ఎండు కాగితం బరువు మీద కాస్టిక్ 1.2%, సిలికేట్ 2%, పెరాక్సైడ్ 1%, సోప్ 0.5%, అన్నీ పల్పర్‌లోనే. తర్వాత ఇంకును గాలిబుడగలతో తేల్చి తీసే ఫ్లోటేషన్ సెల్స్ ఒక వరస, సైడ్ హిల్ స్క్రీన్ల (ఏటవాలు జల్లెడల) మీద వాషింగ్, చివర్లో రంగు తీయడానికి హైపో (హైపోక్లోరైట్). చుక్కల్ని వేడి మీద నలిపి చిన్నవి చేసే డిస్పర్సర్ లేదు. బోరు నీళ్లు, హార్డ్‌నెస్ 450 పీపీఎం. ఎండాకాలంలో నల్లచుక్కలు, మసకదనం రెండూ పెరుగుతాయి.

ఎంజైమ్ అమ్మే కంపెనీ వాళ్లు కాస్టిక్ పూర్తిగా ఆపేయొచ్చు, డిస్పర్సర్ కూడా అక్కర్లేదు అంటున్నారు. కాగితం కొనే పబ్లిషరు ‘పర్యావరణహిత డీఇంకింగ్’ అని రాసివ్వమంటున్నారు. ఎంజైమ్‌తో మా చుక్కలు పోతాయా? ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు) మీద, స్లడ్జ్ (మిగిలే బురద) మీద భారం ఎంత తగ్గుతుంది? మారడానికి ముందు ఏం చూసుకోవాలి?

ఫ్లోటేషన్‌సెల్

ఎంజైమ్ సంగతి తర్వాత చూద్దాం. 35 నిమిషాలు ఎందుకు తిప్పుతున్నారండీ? ఆఫీసు కాగితానికి 14–16% కన్సిస్టెన్సీలో 15–20 నిమిషాలు చాలు. ఊడాల్సిన ఇంకు చాలా వరకు మొదట్లోనే ఊడిపోతుంది. ఆ తర్వాత జరిగేది ఊడిన ఇంకు నలిగి సన్నబడటమే. ఫ్లోటేషన్ బాగా పట్టేది సుమారు 10 నుంచి 100 మైక్రాన్ల రేణువుల్ని. అంతకంటే సన్నగా అయితే అవి గాలిబుడగకు తగలకుండా నీటితో పాటు పక్కకు జారిపోతాయి. వాటిలో కొన్ని పీచు లోపలి బోలులోకి దూరతాయి. ఒకసారి దూరాక వాషింగ్‌కీ రావు, కెమికల్‌కీ రావు.

ముందు హైపర్‌వాష్ పరీక్ష చేయండి. పల్పర్ నుంచి ఒక శాంపిల్, ఫ్లోటేషన్ యాక్సెప్ట్ (ఇంకు తీశాక ముందుకు వెళ్లే గుజ్జు) నుంచి ఒక శాంపిల్ తీసుకోండి. ఒక్కోదాన్ని రెండు భాగాలు చేసి, ఒక భాగాన్ని నేరుగా బుక్నర్ గరాటు మీద వడకట్టి ప్యాడ్ చేయాలి. రెండో భాగాన్ని 200 మెష్ జల్లెడ మీద పోసి, కిందికి దిగే నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి ప్యాడ్ చేయాలి. 950 నానోమీటర్ల దగ్గర ఎరిక్ (మిగిలిన ఇంకు మోతాదు) కొలిచే మీటరు ఉంటే మంచిది. లేకపోతే బ్రైట్‌నెస్ మీటరే వాడండి, కానీ యూవీ ఫిల్టర్ వేసి. ఆఫీసు కాగితంలో ఆప్టికల్ వైట్‌నర్ ఉంటుంది కాబట్టి యూవీతో కొలిస్తే ఇంకు ఉన్నా తెల్లగానే చూపిస్తుంది.

కడిగిన ప్యాడ్ తెల్లగా, కడగనిది మసగ్గా ఉంటే ఇంకు ఊడింది గానీ బయటికి పోవడం లేదని అర్థం. రెండూ మసగ్గా ఉంటే అసలు ఊడలేదు, లేదా ఊడి మళ్లీ అంటుకుంది. ఈ రెండు జబ్బులకు మందులు వేరు. కడిగినప్పుడు ఫిల్లర్ (కాగితంలో కలిపే తెల్లటి ఖనిజ పొడి) కూడా పోతుంది కనుక ఒకటి రెండు పాయింట్ల తేడాను పట్టించుకోకండి.

ఎంజైమ్_బెంచ్

ఎంజైమ్ దేనికి పనిచేస్తుందో, దేనికి పనిచేయదో చెబుతాను. జిరాక్స్, లేజర్ టోనర్ అంటే ఇంకు కాదు, కాగితం మీద వేడికి కరిగి అతుక్కున్న ప్లాస్టిక్. పల్పర్‌లో అది బల్లపరుపు రేకుల్లా విరుగుతుంది. రేకు అంచులకు పీచు ముక్కలు వెంట్రుకల్లా అంటుకుని ఉంటాయి. ఆ పీచు నీటిని ఇష్టపడేది కాబట్టి రేకు బుడగను వదిలేసి నీళ్లలోనే ఉండిపోతుంది. సెల్యులేజ్ ఆ వెంట్రుకల్ని కొరికేస్తుందనేది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఆఫీసు కాగితానికి పైన స్టార్చ్ పూత ఉంటుంది కనుక అమైలేజ్ కలిపితే టోనర్ ఇంకా తేలిగ్గా లేస్తుంది. కాబట్టి మీ నల్లచుక్కల మీద ఎంజైమ్ ప్రభావం కనిపించాలి. సన్నటి ఇంకు వల్ల వచ్చే మసకదనాన్ని మాత్రం అది ఏమీ చేయలేదు.

ఎలా వాడాలంటే: న్యూట్రల్ సెల్యులేజ్ అయితే పీహెచ్ 6.5–8, వేడి 45–52 డిగ్రీలు, కన్సిస్టెన్సీ 12% పైన, పల్పర్‌లోనో తర్వాతి చెస్ట్ (గుజ్జు నిలవ తొట్టి)లోనో 30–45 నిమిషాలు. తోడుగా నాన్ అయానిక్ సర్ఫ్యాక్టెంట్ 0.05–0.1%. సర్ఫ్యాక్టెంట్ ఎక్కువైతే నురగ మెషిన్ దాకా వెళ్లి షీటులో చిల్లులు పడతాయి. టన్నుకు ఇన్ని గ్రాములు అని కంపెనీ చెప్పే లెక్కతో సరిపెట్టుకోకండి. గ్రాముకు ఎన్ని యాక్టివిటీ యూనిట్లు, ఏ పీహెచ్ దగ్గర కొలిచారు అన్నది కాగితం మీద రాయించుకోండి. పీహెచ్ 5 దగ్గర కొలిచిన ఆమ్ల సెల్యులేజ్ అయితే మీ లూపులో దాదాపు నిద్రపోతుంది.

సాధారణంగా దెబ్బతినేది రెండు చోట్ల. మొదటిది, పల్పర్‌లో కాస్టిక్ ఆపినా బ్యాక్ వాటర్‌లో (తిరిగి వాడే నీళ్లలో) పాత సిలికేట్, కాస్టిక్ తిరుగుతూనే ఉంటాయి. ట్రయల్ మొదలుపెట్టిన మొదటి షిఫ్టుల్లో పల్పర్ పీహెచ్ 9 చూపిస్తుంది, ఎంజైమ్ చచ్చిపోతుంది, ‘పనిచేయలేదు’ అని లాగ్‌బుక్‌లో రాసేస్తారు. లూపు నీళ్లు మార్చాకే ట్రయల్ లెక్కలోకి తీసుకోవాలి. రెండోది దీనికి తలకిందులు: సెల్యులేజ్ పని ముగిశాక ఆగదు. నీటితో పాటు తిరుగుతూ పీచును తింటూనే ఉంటుంది. మొదట ఫ్రీనెస్ (గుజ్జు నుంచి నీరు దిగే వేగం) పెరుగుతుంది, డ్రైనేజ్ బాగుందని సంతోషిస్తారు. తర్వాత టియర్, బర్స్ట్ (చిరగకుండా, పగలకుండా ఆగే బలం) పడిపోతాయి. డిస్పర్సర్ ఉన్న మిల్లులో 80–90 డిగ్రీల వేడికి అది చచ్చిపోతుంది. మీకు డిస్పర్సర్ లేదు. కాబట్టి పీహెచ్ 10 దగ్గర పెరాక్సైడ్ బ్లీచింగ్ దశ ఒకటి తర్వాత ఉంచుకోవాల్సిందే. అంటే కాస్టిక్ ‘పూర్తిగా’ ఆపడమనేది మీ విషయంలో కుదరదు, తగ్గించడం కుదురుతుంది.

ఈటీపీ_సూర్యాపేట

పై ఇద్దరూ పల్ప్ నాణ్యత చూశారు. భారం గురించి అడిగారు కాబట్టి లెక్క వేద్దాం.

40 టన్నులు వేస్తే ఎంత కాగితం వస్తోంది? ఫ్లోటేషన్ ప్రధానంగా నడిచే లైన్లలో యీల్డ్ 80–85% దాకా ఉంటుంది. వాషింగ్ గట్టిగా చేసే టిష్యూ లైన్లలో 60–75%. మీరు రెండూ చేస్తున్నారు. 82% అయితే ఎండు స్లడ్జ్ 7.2 టన్నులు. 68% అయితే 12.8 టన్నులు. స్క్రూ ప్రెస్ తర్వాత 50% తేమతో బయటికి వెళ్లే బరువు 14.4 టన్నులు, లేదా 25.6 టన్నులు. రోజుకు 11 టన్నులకు పైగా తేడా. ఎంజైమా కాస్టికా అన్న ప్రశ్నతో ఈ తేడా రాదు, సైడ్ హిల్ స్క్రీన్ మీద వస్తుంది.

అక్కడ పోయేది ముఖ్యంగా ఫిల్లర్, సన్న పీచు. ఆఫీసు కాగితంలో బూడిద 15–20% ఉంటుంది. అంటే రోజూ 6–8 టన్నుల కాల్షియం కార్బొనేట్, చైనా క్లే మీ గేటులోకి వస్తోంది. దాన్ని కడిగి స్లడ్జ్‌లో పారేసి, మెషిన్ చెస్ట్‌లో మళ్లీ కొత్త ఫిల్లర్ కొని పోస్తున్నారు. టిష్యూ చేసేవాళ్లకు బూడిద పోవాలి, అందుకని వాళ్లు కడుగుతారు. నోటుపుస్తకం కాగితానికి బూడిద కావాలి కదా. ఫ్లోటేషన్ సరిచేసుకుని, సైడ్ హిల్‌లో సగం బైపాస్ చేయగలిగితే మీకు దక్కే లాభం ఏ ఎంజైమూ ఇవ్వదు. కడిగిన నీళ్లు కూడా నేరుగా ఈటీపీకి పంపకుండా డీఏఎఫ్ క్లారిఫయర్‌లో (నీళ్లలో కరిగించిన గాలితో మలినాల్ని తేల్చేది) తేటపరచి పల్పర్‌కు తిప్పుకోవాలి. క్యాటయానిక్ పాలిమర్ డోసు మాత్రం రోజూ జార్ టెస్ట్ చేసి పెట్టండి. ఎక్కువైతే మిగిలిపోయిన పాలిమర్ పల్పర్‌లోకి వెళ్లి ఇంకును పీచుకే అంటిస్తుంది.

కాస్టిక్ మానితే సీఓడీ (నీళ్లలోని మలినాలను ఆక్సీకరించడానికి కావాల్సిన ఆక్సిజన్ కొలత) తగ్గే మాట నిజం. క్షారంలో స్టార్చ్, హెమిసెల్యులోజ్, జిగురు పదార్థాలు కరిగి నీళ్లలోకి వస్తాయి. న్యూట్రల్‌లో అంత కరగవు. స్టికీస్ (జిగురు ముక్కలు) కూడా ముద్దగానే ఉండి స్క్రీన్‌లో చిక్కుతాయి. కాకపోతే అమైలేజ్ వేస్తే స్టార్చ్ చక్కెరలుగా విరిగి నీళ్లలోకే వస్తుంది. ఆ సీఓడీని కూడా ట్రయల్‌లో కొలవమనండి, బ్రోచర్లలో అది కనిపించదు.

అన్నిటికంటే ముందు ఆపాల్సింది హైపో. రంగు తీసే క్లోరిన్ క్లోరోఫామ్‌ను, ఏఓఎక్స్‌ను (క్లోరిన్ అంటిన సేంద్రియ పదార్థాలను) పుట్టిస్తుంది. ఏఓఎక్స్ ఉన్న ప్రాసెస్ స్లడ్జ్ 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల మొదటి షెడ్యూలులో ఉంది. హైపో వాడుతూ ‘పర్యావరణహిత డీఇంకింగ్’ అని రాసిస్తే పబ్లిషరు అడిగే మొదటి ప్రశ్నకే ఇరుక్కుంటారు. ఎజో రంగులకు ఎఫ్ఏఎస్ (ఫార్మామిడిన్ సల్ఫినిక్ ఆమ్లం) చక్కగా పనిచేస్తుంది: 0.3–0.6%, దానిలో సగం కాస్టిక్, 70–80 డిగ్రీలు, గాలి తగలకుండా, అరగంట. హైడ్రోసల్ఫైట్ అయితే పీహెచ్ 6–6.5, 60–65 డిగ్రీలు, 0.5–1%. రెండూ క్షయకరిణులు (ఆక్సిజన్‌ను లాక్కునేవి). పెరాక్సైడ్ మిగిలి ఉంటే ఒకదాన్నొకటి తినేస్తాయి, అందుకే ముందు మిగులు పెరాక్సైడ్ టైట్రేషన్ చేసుకోండి.

పల్ప్‌మిల్_గోదావరి

హైపర్‌వాష్ చేయించాం, యూవీ ఫిల్టర్‌తో. పల్పర్ దగ్గర కడగనిది 61, కడిగినది 74. ఫ్లోటేషన్ తర్వాత కడగనిది 68, కడిగినది 74. చుక్కలు మాత్రం కడిగిన ప్యాడ్ల మీద కూడా కనిపిస్తున్నాయి. మిగులు పెరాక్సైడ్ పల్పర్ బయటే సున్నా వస్తోంది, 1% వేసినా. ఇంకొకటి, ఇక్కడ రైతులు స్లడ్జ్ పొలాలకు అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

ఫ్లోటేషన్‌సెల్

అంకెలు స్పష్టంగానే ఉన్నాయి. ఇంకు ఊడుతోంది. పల్పర్ దగ్గర తేడా 13 పాయింట్లు, ఫ్లోటేషన్ అందులో 7 తీస్తోంది, 6 వదిలేస్తోంది. ఆ 6 పాయింట్ల కోసమే మీరు సైడ్ హిల్ మీద అంత కడుగుతున్నారు. చుక్కలు టోనర్, అది వేరే సమస్య, అక్కడ ఎంజైమ్_బెంచ్ గారి మాట వర్తిస్తుంది.

నేనైతే ఈ వరసలో పోతాను. పల్పింగ్ 18 నిమిషాలకు తగ్గించి, కన్సిస్టెన్సీ 16% చేయండి. పీచు పీచును రాసుకునే ఒరిపిడి పెరుగుతుంది, రోటరు కొట్టుడు తగ్గుతుంది. సిలికేట్ 2% నుంచి 1%కి దించండి, ఎక్కువైన సిలికేట్ ఇంకును నీళ్లలో చెదరగొట్టి పట్టి ఉంచుతుంది. సోప్‌ను పల్పర్ నుంచి తీసి ఫ్లోటేషన్ ఫీడ్‌కు మార్చండి. సోప్ పనిచేసేది కాల్షియం సోప్ అయ్యాకే. అందుకు ఫీడ్ ఫిల్ట్రేట్‌లో హార్డ్‌నెస్ 150–250 పీపీఎం కావాలి. కొలవాల్సింది బోరు నీళ్లలో కాదు, ఫిల్ట్రేట్‌లో: సిలికేటు, పీహెచ్ 10 కలిసి కాల్షియంను అవక్షేపం చేసేస్తాయి కాబట్టి అక్కడ ఎంత మిగిలిందో వేరే చూడాలి. 400 పైన ఉంటే సెల్ గోడలకు, పైపులకు జిడ్డు పేరుకుంటుంది. ఫీడ్ కన్సిస్టెన్సీ 1.0–1.2%, వేడి 45. నురగ రిజెక్ట్‌కు రెండో దశ సెల్ ఒకటి పెట్టి పీచు వెనక్కి తెచ్చుకోండి, లేకపోతే యీల్డ్ అక్కడ కారిపోతుంది.

పెరాక్సైడ్ సున్నా రావడానికి చాలా మటుకు కారణం కెటలేజ్. బ్యాక్ వాటర్ ట్యాంకుల్లో బ్యాక్టీరియా పెరిగితే అవి వదిలే కెటలేజ్ పెరాక్సైడ్‌ను నిమిషాల్లో నీళ్లు, ఆక్సిజన్‌గా విరిచేస్తుంది. పరీక్ష తేలిక: బ్యాక్ వాటర్ ఒక బీకర్‌లో, అదే నీటిని మరగబెట్టి చల్లార్చింది ఇంకో బీకర్‌లో తీసుకుని, రెండింటిలో సమానంగా పెరాక్సైడ్ కలిపి పది నిమిషాల తర్వాత టైట్రేట్ చేయండి. మరిగించిన దానిలో నిలిచి, పచ్చి నీళ్లలో పోతే దొంగ దొరికినట్టే. రెండింట్లోనూ పోతే ఇనుము, మాంగనీసు చూడాలి. చెస్టులు, ట్యాంకుల అడుగున పేరుకున్న బురద తీయించకుండా బయోసైడ్ ఎంత పోసినా లాభం ఉండదు.

అసలు పల్పర్‌లో పెరాక్సైడ్ మీకెందుకు? న్యూస్‌పేపర్‌లోని మెకానికల్ పల్ప్ (కట్టెను నేరుగా రుబ్బి చేసిన గుజ్జు) కాస్టిక్ తగిలితే పచ్చబడుతుంది, ఆ పచ్చదనాన్ని ఆపడానికి. ఆ 15 శాతం కలగలుపును కన్వేయర్ దగ్గరే ఏరించి అట్ట మిల్లుకు అమ్మేస్తే పల్పర్ పెరాక్సైడ్‌తో, కాస్టిక్‌లో సగంతో పని ఉండదు. ఏరే కూలీ ఖర్చు రోజుకు మీరు కొనే 50% పెరాక్సైడ్ 800 కిలోల ధరతో పోల్చి చూసుకోండి.

ఈటీపీ_సూర్యాపేట

స్లడ్జ్ పొలాలకు ఇవ్వకండి. కార్బన్ ఎక్కువ, నత్రజని తక్కువ. మట్టిలో అది కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు పైరుకు అందాల్సిన నత్రజనినే లాక్కుంటాయి. నీలి ఇంకుల్లో థాలోసయనిన్ పిగ్మెంట్ నుంచి రాగి, ఆఫ్‌సెట్ ఇంకు నుంచి మినరల్ ఆయిల్ కూడా అందులో ఉంటాయి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేకుండా ఇస్తే బాధ్యత మీ మీదే.

సిమెంటు బట్టీలకు పంపడం మేలు. జగ్గయ్యపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు బట్టీలున్నాయి. అందులోని కార్బొనేట్, క్లే వాళ్లకు ముడిసరుకే. ఇంధనంగా మాత్రం గొప్పలు చెప్పుకోలేం: సగం బూడిద ఉన్న ఎండు స్లడ్జ్‌లో కిలోకు సుమారు 2000 కిలో కేలరీలు, సగం తేమ ఉంటే అది 1000, ఆ నీళ్లను ఆవిరి చేయడానికే 300 పోతుంది, మిగిలేది 700. తేమ తగ్గించకుండా పంపితే లారీ కిరాయి మీరే కట్టుకోవాలి.

ఆఫ్‌సెట్_హైదరాబాద్

ప్రింటింగ్ వైపు నుంచి ఒక మాట. ఎండాకాలంలో మసకదనం పెరగడానికి గోదాము కూడా కారణం. ఆఫ్‌సెట్ ఇంకులోని లిన్‌సీడ్, సోయా నూనెలు గాలిలో ఆక్సీకరణ చెంది గట్టిపడతాయి. వేడికి ఆ పని వేగంగా జరుగుతుంది. మూడు నెలల పాత పాఠ్యపుస్తకం రేకుల షెడ్డులో 45 డిగ్రీల వేడికి మగ్గితే దాని ఇంకు కాగితాన్ని వదలదు. అందుకే యూరప్‌లో వాడే ఇంజెడె 11 పరీక్షలో ప్రింటును ముందు 60 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచి, ఆ తర్వాతే డీఇంకింగ్ చేస్తారు. ఆ పరీక్ష రెసిపీ మీకు పోల్చుకోవడానికి పనికొస్తుంది: కాస్టిక్ 0.6%, సిలికేట్ 1.8%, పెరాక్సైడ్ 0.7%, ఒలీయిక్ ఆమ్లం 0.8%. కాస్టిక్ మీరు వాడేదానిలో సగం.

సోయా ఇంకు అని ముద్ర ఉన్నంత మాత్రాన రీసైక్లింగ్‌లో తేలిగ్గా పోతుందనుకోవద్దు, పాతబడితే అదీ గట్టిపడుతుంది. ఇక నీటి ఆధారిత ఫ్లెక్సో ప్రింటు కలిసిన బేళ్లు వస్తే విడిగా పెట్టండి. క్షారంలో ఆ ఇంకు ఒక మైక్రాన్ స్థాయికి విడిపోయి నీళ్లంతా నలుపెక్కుతుంది, ఫ్లోటేషన్‌కు చిక్కదు. పబ్లిషరు ఆఫ్‌సెట్‌లోనే అచ్చువేయిస్తే యూవీ వార్నిష్ వద్దని ఆయనకే చెప్పండి. ఆ రేకులు టోనర్ కంటే మొండివి.

ఎంజైమ్_బెంచ్

ఒక జాగ్రత్త చేరుస్తాను. న్యూట్రల్‌కు మారేటప్పుడు పీహెచ్ 7 కిందికి దిగనివ్వకండి. కాగితంలోని కార్బొనేట్ కరిగి హార్డ్‌నెస్ 1000 దాటుతుంది, కార్బన్ డయాక్సైడ్ నురగ పొంగుతుంది, ఫిల్లరూ పోతుంది. మెషిన్ వైపు ఆమ్లంలో పనిచేసే రోజిన్-ఆలం సైజింగ్ (కాగితం తడి పీల్చకుండా వేసే మందు) ఉంటే ఆ బ్యాక్ వాటర్ పల్పర్‌కు రానివ్వొద్దు. ఏకేడీ సైజింగ్ అయితే ఇబ్బంది లేదు.

డిస్పర్సర్ గురించి కూడా లెక్క చూడండి. మీ కాస్టిక్ రోజుకు 480 కిలోలు. దాన్ని తయారుచేయడానికి పట్టే కరెంటు సుమారు 1100 యూనిట్లు. డిస్పర్సర్ పెడితే టన్నుకు 60 యూనిట్ల చొప్పున 32 టన్నులకు 1900 యూనిట్లు, పైగా 90 డిగ్రీలకు వేడి చేయడానికి టన్నుకు 250 కిలోల ఆవిరి. అదీగాక డిస్పర్సర్ చుక్కను తీయదు, కంటికి కనపడనంత నలుపుతుంది. దాని వెనక రెండో ఫ్లోటేషన్ లేకపోతే చుక్కలు పోయి మసకదనం వస్తుంది. 78 బ్రైట్‌నెస్ నోటుపుస్తకానికి అంత అవసరం లేదు. టోనర్ ఎక్కువున్న బేళ్లను విడిగా బ్యాచ్ చేసి, ఆ బ్యాచ్‌కే ఎంజైమ్ వాడండి.

పబ్లిషరుకు ‘ఎంజైమ్ వాడతాం’ అని కాకుండా టన్ను కాగితానికి తాజా నీళ్లు ఎంత, స్లడ్జ్ ఎంత, యీల్డ్ ఎంత, క్లోరిన్ వాడామా లేదా అనే నాలుగు అంకెలు ఇవ్వండి. ట్రయల్‌కు పాత పద్ధతి ఒక వారం, కొత్తది ఒక వారం, అదే రకం బేళ్లతో నడపండి. అది మే నెలలో పెట్టమనండి. వానాకాలంలో తాజా కాగితం మీద చూపిస్తామంటే ఒప్పుకోకండి.